తల కోస్తేనే గుబురయ్యే తులసి: మా మిద్దె మీద ఒక ఏడాది

కిందటి జూన్ 10న, మృగశిర కార్తె వచ్చిన రెండు రోజులకు, మిద్దె మీద నారు పోశాను. అన్నీ తులసి చుట్టాలే, నాలుగు రకాలు. పిజ్జాల మీద వేసే జెనోవీస్ బేసిల్, థాయ్ బేసిల్, నిమ్మ తులసి, నాలుగోది వంటింటి డబ్బాలో మిగిలిన సబ్జా గింజలు. కోటలో లక్ష్మీ తులసి, పక్క కుండీలో కృష్ణ తులసి ఎప్పట్నుంచో ఉన్నాయి. కర్పూర తులసి మధ్యలో వచ్చి చేరింది. ఇప్పుడు మళ్లీ మృగశిర దగ్గరపడింది. ఏది ఎన్నాళ్లకు మొలిచింది, ఎంతయింది, ఎప్పుడు కోశాను, ఏది చేతికందకుండా పోయింది, గుర్తున్నంత వరకు వరసగా రాస్తున్నాను. మాది హైదరాబాద్‌లో నాగోలు వైపు, రెండంతస్తుల ఇల్లు. మిద్దె మీద పొద్దున్నుంచి మూడింటి దాకా ఎండ ఉంటుంది.

ముందు ఖర్చు సంగతి. విత్తనాల ప్యాకెట్లు మూడూ కలిపి 290 రూపాయలు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. ప్యాకెట్ చింపి చూస్తే చిటికెడు గింజలు కూడా లేవు గానీ, ఒక ఇంటికి అవే ఎక్కువ. 12 అంగుళాల గ్రో బ్యాగులు 45 చొప్పున 15 తీసుకున్నాను. కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుక 5 కిలోలది 220, వర్మీకంపోస్ట్ బస్తా 350, వేపపిండి రెండు కిలోలు 120. ఎర్రమట్టి దగ్గరికొచ్చేసరికి కథ వేరు. ట్రాలీ ఆటో అతను పది బస్తాలు 800కి తెచ్చి గేటు ముందు దింపి వెళ్లిపోయాడు. రెండంతస్తులు పైకి మోసినందుకు ఇద్దరు మనుషులు 1,000 తీసుకున్నారు. మట్టి కంటే మోత కూలి ఎక్కువ. మిద్దె తోట మొదలుపెట్టే వాళ్లెవరైనా ముందు ఈ లెక్క వేసుకోండి, విత్తనాల లెక్క తర్వాత చూసుకోవచ్చు. మొత్తం మూడున్నర వేలకు కాస్త తక్కువైంది.

మట్టి రెండు పాళ్లు, కంపోస్ట్ ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, సంచికి గుప్పెడు వేపపిండి కలిపాను. కోకోపీట్ ఇంకా ఎక్కువ వేయమన్నారు కొందరు. బరువు తగ్గుతుంది నిజమే, కానీ వానాకాలంలో ఆ సంచి త్వరగా ఆరదు. తులసి జాతికి కాళ్ల దగ్గర తడి నిలబడితే పడదు.

నారు ట్రేలో గింజలు పైపైన చల్లి, మీద పలచగా కోకోపీట్ పొడి జల్లాను. ఈ గింజ లోతుగా పూడిస్తే పైకి రాదు. స్ప్రేయర్‌తో నీళ్లు కొట్టి కాసేపు చూస్తూ కూర్చుంటే, ఒక్కో నల్ల గింజ చుట్టూ బూడిదరంగు జిగురు పొర ఉబ్బింది. ట్రే నిండా చిన్న చిన్న కళ్లు తెరిచి చూస్తున్నట్టు ఉంది. షర్బత్‌లో సబ్జా ఉబ్బడం అందరం చూసిందే. జెనోవీస్, థాయ్ గింజలు కూడా అచ్చం అలాగే ఉబ్బుతాయని మాత్రం అప్పుడే తెలిసింది. అవన్నీ ఒకే జాతి మరి. ఉబ్బిన తర్వాత గింజ మట్టికి అతుక్కుపోతుంది, చేత్తో సర్దబోతే వేలికి అంటుకుని వచ్చేస్తుంది. అందుకే పొడిగా ఉన్నప్పుడే ఎడం చూసుకుని చల్లాలి.

అన్నింటికన్నా ముందు మొలిచింది కిరాణా కొట్టు సబ్జానే. నాలుగో రోజుకే ఆకుపచ్చగా కనిపించింది. జెనోవీస్ ఆరో రోజు, థాయ్ వారానికి వచ్చాయి. నిమ్మ తులసి పది రోజులు ఆడించి, అదీ సగమే మొలిచింది. మొదటి రెండాకులు అన్నింటికీ ఒకటే, అరచందమామలు రెండు ఎదురెదురుగా. ఏది ఏదో పోల్చుకోవడం ఎవరి తరమూ కాదు. ఐస్‌క్రీమ్ పుల్లల మీద మార్కర్‌తో పేర్లు రాసి గుచ్చాను. ఆరుద్రలో పడిన మొదటి పెద్ద వానకు ఆ రాత కారిపోయి పుల్లలు నీలంగా మిగిలాయి. పాప తన డ్రాయింగ్ పెన్సిల్‌తో రాసిన రెండు పుల్లలు మాత్రం ఇప్పటికీ చదవడానికి వస్తున్నాయి. పెన్సిలే వాడండి.

ఆ వానల్లోనే నారుకుళ్లు తగిలింది. సాయంత్రం నిటారుగా ఉన్న మొలక పొద్దున్నకు మొదట్లో సన్నబడి ఒరిగిపోయి ఉండేది. ట్రేలను సన్‌షేడ్ కిందకి జరిపి, ఒక రోజంతా నీళ్లు ఆపితే మిగతావి నిలబడ్డాయి. జులై మొదటి వారంలో, నాలుగు నిజమైన ఆకులు వచ్చాక, సాయంత్రం పూట సంచుల్లోకి మార్చాను.

ఇక అసలు సంగతి కత్తెర దగ్గర మొదలైంది.

తులసి విషయంలో మన చేతికి చిన్నప్పటి నుంచి ఒక అలవాటు ఉంటుంది. గోటితో గిల్లకూడదు. ద్వాదశి నాడు కోయకూడదు. మంగళ, శుక్రవారాలు ముట్టకూడదు. పొద్దు గూకాక చెయ్యి వేయకూడదు. అలాంటి ఇంట్లో పెరిగి, జానెడు కూడా లేని మొక్క తల కత్తిరించాలంటే చెయ్యి రాదు. బేసిల్‌కి మాత్రం అదే కావాలి. మూడు జతల ఆకులు రాగానే పై చిగురు తీసేయాలి. ఆకు, కాడ కలిసే చోట గింజంత చిగుళ్లు రెండు కనిపిస్తాయి, సరిగ్గా వాటికి పైన కోయాలి. ఆ రెండూ రెండు కొమ్మలవుతాయి. వాటి తలలు కోస్తే నాలుగు.

నేను కత్తెర పట్టుకోగానే అత్తయ్య వచ్చి నిలబడ్డారు. "ఏమ్మా, ఇంకా బతికి బట్టకట్టలేదు, అప్పుడే తల కోస్తావా దానికి?"

"ఇది కోట తులసి కాదత్తయ్యా. కోస్తేనే గుబురుగా వస్తుందట."

"ట అంటే? నువ్వు చూశావా?"

చూడలేదు, చదివాను. చివరికి బేరం కుదిరింది. జెనోవీస్‌లో రెండు సంచులు ఆవిడకు వదిలేశాను, వాటి మీద కత్తెర పెట్టకూడదు. మిగతావి నా ఇష్టం. ఆగస్టు మొదటి వారానికి తేడా మిద్దె మెట్లెక్కుతుండగానే తెలిసిపోయేది. నేను కోసినవి సంచి అంచులు దాటి గుబురుగా ఉన్నాయి. ఆవిడవి ఒంటికాడతో నడుమెత్తు పెరిగి, కొసన పూల వెన్ను వేసి, గాలికి పక్కకు వాలాయి. వెన్ను వేశాక ఆకు చిన్నదై, నోట్లో వేసుకుంటే కాస్త చేదుగా కూడా అనిపించింది. అత్తయ్య ఏమీ అనలేదు. మరుసటి వారం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఆ రెండింటికీ వెన్నులు తుంచేసి ఉన్నాయి. ఆ రోజు శుక్రవారం కాదని నేను క్యాలెండర్ కూడా చూశాను.

అప్పటి నుంచి ఇంట్లో పంపకం జరిగిపోయింది. కోట ఆవిడది, సంచులు నావి, కృష్ణ తులసి ఉమ్మడి. బేసిల్ కత్తెర వేరే ఉంటుంది, దాన్ని వంటింట్లోకి తేవచ్చు గానీ కోట దగ్గరికి తీసుకెళ్లకూడదు.

నిమ్మ తులసి ఈలోపు మమ్మల్ని మోసం చేసింది. మొక్కలు బాగానే ఎదిగాయి. జులై చివర్లో ఆకు నలిపి చూస్తే నిమ్మ వాసన పొడ కూడా లేదు. పక్కనున్న సబ్జా మొక్క వాసనే దీనికీ వస్తోంది. విత్తనాలు అమ్మిన వాళ్లకు ఫొటోలతో రాస్తే జవాబే లేదు. 90 రూపాయల కోసం ఎవరు కొట్లాడతారు, అది వాళ్లకీ తెలుసు. తర్వాత ఒక నర్సరీలో 70కి ఇంకో ప్యాకెట్ కొని ఆగస్టులో పోశాను. అసలు నిమ్మ తులసికి పెద్దగా ఆగక్కర్లేదు, వేలెడంత మొలక ఆకు నలిపినా నిమ్మకాయ తొక్క గీరినట్టే వస్తుంది వాసన. ఇది తెలిసి ఉంటే ఆ సంచులు ముందే ఖాళీ అయ్యేవి.

వాసనల సంగతి వచ్చింది కాబట్టి చెబుతాను. రకాలను గుర్తుపట్టడానికి ఆకు ఆకారం కన్నా ముక్కే నయం. కృష్ణ తులసిలో లవంగం ఘాటు. థాయ్ బేసిల్‌లో సోంపు. జెనోవీస్‌లో రెండూ కాస్త కాస్త ఉండి, పైన ఒక తీపి వాసన. కర్పూర తులసికి పేరే చాలు.

ఆ కర్పూర తులసిని కడియం నుంచి తెచ్చాను. శ్రావణంలో రాజమండ్రిలో పెళ్లికి వెళ్లి, తిరుగు బండికి టైముందని కడియపులంక వెళ్లాం. రోడ్డుకు రెండు వైపులా నర్సరీలే. మావారు అరగంట అన్నారు, రెండు గంటలైంది. కర్పూర తులసి మొక్క 40 రూపాయలు. "గుమ్మం దగ్గర పెట్టుకోండమ్మా, దోమ రాదు" అన్నాడు నర్సరీ అతను. అప్పటి నుంచి గుమ్మం దగ్గరే ఉంది. దోమలు దాని మీదుగానే లోపలికి వస్తున్నాయి. ఆకు నలిపి చేతికి రాసుకుంటే వాసన మాత్రం హాయిగా ఉంటుంది, అంతకు మించి ఆశపడకండి. రైల్లో పై బెర్తులో చెప్పుల పక్కన పెట్టి తెచ్చాం, కంపార్ట్‌మెంటంతా హారతి ఇచ్చినట్టుందని ఎదుటి సీటు పెద్దాయన తెగ సంతోషపడ్డారు.

పెళ్లి నుంచి వచ్చేసరికి జెనోవీస్ ఆకులు పసుపు తిరిగి ఉన్నాయి. మొదట బలం చాలలేదేమో అనుకున్నాం. పసుపు ఈనెల మధ్య పలకలు పలకలుగా ఉంది. ఆకు తిప్పి చూస్తే అడుగున బూడిద చల్లినట్టు బూజు. అది డౌనీ మిల్డ్యూ, బేసిల్‌ని పట్టుకునే బూజు తెగులు. వారం రోజులు ముసురు పట్టి, ఆకు మీద తడి ఆరకపోవడంతో వచ్చింది. ఒక సంచి నుంచి ఇంకో సంచికి రెండు మూడు రోజుల్లో పాకింది. ఆకు తినే మొక్క కాబట్టి మందు కొట్టడానికి మనసొప్పలేదు. పట్టిన మొక్కలన్నీ పీకి కవర్లో కట్టి చెత్త బండిలో వేశాను, కంపోస్ట్ డబ్బాలో వేయలేదు. జెనోవీస్ మొత్తం పోయినట్టే లెక్క. గుబురుగా ఉన్నవాటికే ముందు పట్టడం కాస్త బాధ, ఆకుల మధ్య గాలి ఆడదు కదా. అదే వరసలో పక్కనే ఉన్న థాయ్ బేసిల్‌కి నాలుగాకులు పోయాయంతే. తులసి రెండింటికీ, సబ్జాకీ ఏమీ కాలేదు.

ఆగస్టు 27న వినాయక చవితి. ఆ రోజు మా గేటు దగ్గర క్యూ. 21 పత్రిలో తులసి ఉంటుంది, చవితి ఒక్కరోజే వినాయకుడికి తులసి పెడతారు. మా వీధిలో సగం ఇళ్లకు కృష్ణ తులసి మా కుండీ నుంచే వెళ్లింది. ఎదురింటావిడ థాయ్ బేసిల్ చూపించి, "ఇదీ తులసేగా, పత్రిలోకి పనికొస్తుందా పిన్నిగారూ?" అని అడిగారు. "అది పిజ్జా పత్రమ్మా, ఆయనకి వద్దు" అన్నారు అత్తయ్య. ఊదారంగు కాడ, ఊదా వెన్ను చూస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు లెండి.

సెప్టెంబర్ మూడో వారంలో జెనోవీస్ మళ్లీ పోశాను. నన్నడిగితే హైదరాబాద్‌లో దీనికి సరైన అదను ఇదే. వానలు వెనకబట్టి, ఎండ మెత్తబడే వేళ. అక్టోబర్ చివరికి మొదటి కోత వచ్చింది, అక్కడి నుంచి ఫిబ్రవరి దాకా రెండు మూడు వారాలకోసారి కోస్తూనే ఉన్నాను.

కోత పొద్దున, మంచు ఆరిన తర్వాత. ఎండ ముదిరాక కోస్తే ఆకు బుట్టలోనే వాడిపోతుంది. ఒక్కో ఆకు తుంచకుండా కొమ్మ కొసలు కోయాలి, మొక్కలో మూడో వంతుకు మించి తీయకూడదు. మొదటి కోత బాగా వచ్చిందని కొమ్మలన్నీ కవర్లో పెట్టి ఫ్రిజ్‌లో దాచాను. మర్నాటికి నల్లగా, కాలినట్టు మచ్చలు. ఇది కొత్తిమీర లాంటిది కాదు, చలికి ఓర్చదు. ఫ్రిజ్ చలి దీనికి దెబ్బే. కొమ్మలను గ్లాసు నీళ్లలో నిలబెట్టి వంటింటి గట్టు మీద ఉంచితే వారం దాకా తాజాగా ఉన్నాయి. అంతకన్నా మంచి సంగతి, ఆ గ్లాసులోనే పది రోజులకు తెల్లటి వేర్లు వచ్చాయి. వాటినే సంచుల్లో పెట్టాను. రెండో విడత మొక్కల్లో సగం అలా వంటింట్లో పుట్టినవే, విత్తనం ఖర్చు లేదు. కృష్ణ తులసి కొమ్మ కూడా అలా పెట్టి చూశాను, నెల దగ్గర పడుతుండగా రెండు వేర్లు కనిపించాయి, దానికి తొందరేమీ లేదు.

పాస్తాకు పెస్టో, అంటే బేసిల్ ఆకు రుబ్బి చేసే ఇటలీ పచ్చడి, చేశాం, పైన్ గింజల బదులు జీడిపప్పు వేసి. మిక్సీ వేడికి ఆకు నల్లబడుతుంది. జార్‌ని పావుగంట ఫ్రిజ్‌లో పెట్టి, ఆపి ఆపి తిప్పాలి. ఇంకా పచ్చగా కావాలంటే ఆకును మరిగే నీళ్లలో నాలుగైదు సెకన్లు ముంచి వెంటనే చన్నీళ్లలో వేయాలి. మిగిలింది ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టిస్తే రంగు పోలేదు. పిల్లలకు అది సరిపోయింది. పెద్దవాళ్ల కోసం పచ్చడి చేశాను. వేయించిన పల్లీలు, పచ్చిమిర్చి, వెల్లుల్లి, కాస్త చింతపండు రుబ్బి, ఆఖర్న ఆకు వేసి ఒక్క తిప్పు. అత్తయ్య రెండో ముద్ద కలుపుకుని, "గోంగూర కాదు, పుదీనా కాదు, ఏదో మందు వేసినట్టుంది" అన్నారు. అన్నం అయిపోయేదాకా అదే మాట అంటూ పచ్చడి మళ్లీ వేయించుకున్నారు. చారులోకి మాత్రం నిమ్మ తులసిని మించింది లేదు. పొయ్యి కట్టేశాక నాలుగాకులు చిదిమి వేసి మూత పెట్టాలి, మరిగితే వాసన ఆవిరిలో పోతుంది. థాయ్ బేసిల్ ఎగ్ ఫ్రైడ్ రైస్‌లోకి బాగుంది, వేడికి అదొక్కటే తట్టుకుంటుంది.

అక్టోబర్‌లో కోట తులసికి పురుగు పట్టింది. చిగురాకులు దోనెల్లా ముడుచుకుని అంచులు మాడాయి, అడుగున నల్లటి చుక్కలు. భూతద్దం పెట్టి చూస్తే వల అల్లినట్టున్న రెక్కలతో బియ్యపు నూకంత కూడా లేని నల్లులు, రసం పీల్చేస్తున్నాయి. కృష్ణ తులసికి నేను లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట, ముఖ్యంగా ఆకు అడుగున పడేలా కొట్టాను. వారానికోసారి, మూడు వారాలు. ఆ రోజుల్లో ఆకు కోయలేదు. కోట దగ్గర మాత్రం అత్తయ్య ఒప్పుకోలేదు. ఆ ఆకు తీర్థంలో వేస్తారు, చేదు ఎలా కొడతాం అని. రోజూ పొద్దున్నే స్టూలు వేసుకుని కూర్చుని, ముడుచుకున్న ఆకులు ఒక్కొక్కటే తీసి సబ్బు నీళ్ల మగ్గులో వేసేవారు. విసుగు లేదు. చివరికి రెండు మొక్కలూ ఒకేసారి తేరుకున్నాయి. కాబట్టి ఓపిక ఉన్నవాళ్లకు నూనె ఖర్చు కూడా అక్కర్లేదు.

కార్తీకంలో క్షీరాబ్ది ద్వాదశికి కోట నిండుగా ఉంది. ఉసిరి కొమ్మ 30 రూపాయలు పెట్టి కొనుక్కొచ్చి పక్కన గుచ్చాం. తల కోయకపోయినా ఎండిన కంకులు ఎప్పటికప్పుడు తీయడం వల్లే అలా వచ్చిందని నా అభిప్రాయం. గింజ కట్టనిస్తే తులసి తన బలమంతా వాటికే పెట్టి, కింద కట్టెలా మిగిలిపోతుంది. కంకులు తీయడానికి ఆవిడకూ అభ్యంతరం లేదు, గింజలు పాదులోనే రాలుస్తారు. వానాకాలంలో అక్కడే మొలకలు లేచి వీధిలో అడిగిన వాళ్లందరికీ వెళ్తాయి.

డిసెంబర్ చలికి లక్ష్మీ తులసి ఆకు రాల్చి ముడుచుకుపోయింది. రాత్రిపూట కోట మీద పాత పంచె కప్పేవాళ్లం. కృష్ణ తులసికి అదే చలిలో, అదే ఎండలో రంగు తేలింది. వానాకాలంలో మబ్బుకు పచ్చగా మారిన ఆకులు నల్లటి ఊదా అయ్యాయి. నీడలో పెట్టి "మాది కృష్ణ తులసి కాదేమో" అని బెంగపడే వాళ్లు కుండీని ఎండలోకి జరిపి నెల ఆగండి.

టీ కోసం కృష్ణ తులసి ఆకు ఆరబెట్టింది కూడా అప్పుడే. ఎండలో వేస్తే వాసన పోతుంది. గదిలో నూలు చీర పరిచి, పలచగా వేసి, ఫ్యాన్ వేశాను. నాలుగైదు రోజులకు చేత్తో నలిపితే పొడి అయింది. బుట్టెడు ఆకు చిన్న హార్లిక్స్ సీసాలో సగానికి వచ్చింది. ఇదే పని వానాకాలంలో చేస్తే ఆకు ఆరేలోపే నల్లబడింది. జెనోవీస్‌ని కూడా ఎండబెట్టి చూశాను, రంగూ లేదు, వాసనా లేదు. దాన్ని పచ్చిగానే వాడుకోవాలి.

సబ్జా మొక్కలను అత్తయ్య రుద్రజడ అంటారు. వాటిని నవంబర్ నుంచి కోయడం మానేసి గింజకు వదిలాను. తెల్లటి పూలకు పొద్దున్నే తేనెటీగలు. జనవరి చివరికి వెన్నులు కింది నుంచి గోధుమరంగు తిరగడం మొదలుపెట్టాయి. మొత్తం ఎండేదాకా ఆగితే కింది గింజలు రాలిపోతాయి. మూడింట రెండు వంతులు ఎండగానే, ఇంకా మంచు తడి ఉండగా కోసి, కాగితం సంచిలో తలకిందులుగా వేలాడదీశాను. వారం తర్వాత చేటలో వేసి అరచేతుల మధ్య నలిపాం. ఒక్కో పూగిన్నెలో నాలుగు గింజలు ఉండాలి. కొన్నిట్లో రెండే ఉన్నాయి, కొన్ని ఒట్టివి. చెరగడం నాకు రాదు. నేను చెరిగితే పొట్టు, గింజ కలిసే ఎగురుతాయి. అత్తయ్య చేట అందుకుని నాలుగు విసుర్లు విసిరేసరికి నల్లటి గింజ అడుగున కుప్పగా నిలిచింది.

ఇంతా చేసి నాలుగు మొక్కల గింజలు టీ గ్లాసుకు తక్కువే. కిరాణా కొట్లో 100 గ్రాములు 50 రూపాయలకు దొరికే సరుకది. డబ్బు కోసమైతే దండగ. మార్చిలో మొదటిసారి నానబెట్టినప్పుడు మాత్రం ఇంట్లో అందరం గ్లాసు చుట్టూ చేరాం. పావుగంటలో ఉబ్బింది. కొట్లో గింజల్లో వచ్చే మట్టి, పుల్లలు లేవు.

ఏప్రిల్‌కి జెనోవీస్ కథ ముగిసింది. ఎంత కత్తిరించినా రెండు రోజులకు మళ్లీ వెన్ను వేస్తోంది, ఆకు తోలులా గట్టిపడింది. 50 శాతం షేడ్ నెట్ 1,200 పెట్టి కట్టించాం. దాని కింద థాయ్, నిమ్మ తులసి నిలబడ్డాయి. పొద్దున, సాయంత్రం రెండుసార్లు నీళ్లు పోయాల్సి వచ్చింది. రోహిణి కార్తెలో ఊరెళ్లినప్పుడు పక్కింటి అబ్బాయికి తాళం ఇచ్చి వెళ్లాం. కోట తులసి, కర్పూర తులసి నెట్ బయటే ఉన్నా చెక్కుచెదరలేదు.

ఈసారి జూన్‌లో నిమ్మ తులసి, థాయ్, కృష్ణ తులసి మాత్రమే పోస్తున్నాను. జెనోవీస్ సెప్టెంబర్ దాకా లేదు, ఎవరెన్ని చెప్పినా సరే. మిగిలిన గింజలను అడిగిన వాళ్లకు పొట్లాలు కట్టాం. తులసి పొట్లాల మీద పేరు ధైర్యంగా రాశాను. థాయ్, జెనోవీస్, సబ్జా మాత్రం ఒకే జాతి, పైగా ఒకే మిద్దె మీద, ఒకే తేనెటీగల కింద పూశాయి. వాటిలో ఎవరి వాసన ఎవరికి వచ్చిందో మొలిచాక ఆకు నలిపి చూడాల్సిందే. అందుకని ఆ పొట్లాల మీద అత్తయ్య "బేసిలు, ఏదో ఒకటి" అని రాయించారు. పెన్సిల్‌తోనే.